నాన్న నోట్‌బుక్‌లో ఈ లెక్కలేంటో ఎవరికైనా అర్థమవుతుందా?

వానచినుకు
నాన్న పోయి ఇవాళ్టికి 24 రోజులు. వచ్చే ఆదివారం ఆయన్ని ఎరిగినవాళ్ళందరం ఒకచోట కలుస్తున్నాం. పెద్దదానివి, నువ్వే నాలుగు మాటలు మాట్లాడాలి అన్నారు ఇంట్లో. మూడు రోజులుగా రాయడం, చెరిపేయడం, ఇదే పని. "చాలా మంచివారు, కొండలన్నా అడవులన్నా ప్రాణం, ఇల్లే లోకం" అని రాసి చదువుకుంటే ఎవరి నాన్న గురించైనా ఇదే రాయొచ్చు కదా అనిపిస్తోంది, ఇందులో మా నాన్న ఎక్కడా కనిపించట్లేదు.

నిన్న ఆయన నడకసంచి సర్దుతుంటే అడుగు జేబులో ఒక నోట్‌బుక్ దొరికింది. అరచేతిలో పట్టేంత చిన్నది, నూట ఇరవై పేజీలదాకా ఉంటుంది, మొత్తం పెన్సిల్ రాతే. డైరీ అనుకుని ఆశగా తెరిస్తే అన్నీ అంకెలే. ఇలా ఉన్నాయి:

10 / 300 – 2.30 + 40 అ + 20 బు + 15 నా = 3.45
9–3 వెనక్కి
4 వే – 35

ఇలాంటివి వందల్లో. ఎవరికైనా బాకీ ఉన్నారేమో, ఆ లెక్కేమో అని కూడా భయపడ్డాను. కొండలెక్కేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

మొండిఘటం
మీ నాన్నగారి గురించి విని బాధగా ఉందండి. లెక్కల సంగతి నాకు తెలీదు కానీ ఒక మాట. ఆయనలో మీకు నచ్చనిది ఒకటైనా రాయండి. మా పెదనాన్న సభలో అందరూ ఆయన్ని దేవుణ్ణి చేసి కూర్చోబెట్టారు, ఇంటికొచ్చాక మా పెద్దమ్మ "ఎవరి గురించి మాట్లాడారురా అంతసేపు" అంది.

సాయంత్రం6
పోయినవాళ్ళ తప్పులు పదిమందిలో ఎత్తడం ఏం పద్ధతండీ. ఆ రోజుకి అవసరమా?

మొండిఘటం
తప్పులెన్నమనలేదు మేడం, మనిషిని చూపించమన్నా.

నడకదారి
వానచినుకు గారూ, బాకీ లెక్క కాదు, కంగారు పడకండి. మొదటి లైను నాకు చూడగానే తెలిసిపోయింది, పదిహేనేళ్ళుగా నేనూ వేస్తున్న లెక్కే. 10 అంటే 10 కిలోమీటర్లు, 300 అంటే 300 మీటర్ల ఎత్తు ఎక్కాలి. చదునులో గంటకి 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట కలపాలి. పది కిలోమీటర్లకి రెండు గంటలు, ఎక్కుడుకి అరగంట, మొత్తం 2.30. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఇది. ఆయన మైళ్ళల్లో, అడుగుల్లో చెప్పాడు, మనం కిలోమీటర్లలోకి మార్చుకుని వాడుకుంటున్నాం. ఎక్కడా ఆగకుండా, ఒంట్లో సత్తువ ఉన్న మనిషి నడిస్తే పట్టే టైం.

మరి ఆ తర్వాత కలిపిన 40, 20, 15 సూత్రంలో లేవు. అవి మీ నాన్నగారు సొంతంగా కలుపుకున్న నిమిషాలు. ఆ అక్షరాలు ఇంట్లోవాళ్ళ పేర్లేమో చూడండి.

లెక్కలమాస్టారు
నడకదారి చెప్పింది కరెక్టే. చిన్న సవరణ, దిగేటప్పటి లెక్క అందులో లేదు. నిటారుగా దిగాలంటే టైం ఎక్కువే పడుతుంది, మోకాళ్ళున్న ఎవరినడిగినా చెప్తారు. "నా" అంటే "నాకోసం" అయి ఉంటుంది, తనకోసం 15 నిమిషాలు అదనంగా పెట్టుకున్నారు.

రెండోది పిడుగుల లెక్క. మెరుపు కనపడ్డాక 9 సెకన్లకి ఉరుము వినపడితే అది 3 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది కదా, అంటే కిలోమీటరుకి మూడు సెకన్లు. 3 కిలోమీటర్లంటే చాలా దగ్గర, అందుకే వెనక్కి తిరిగారు. నిజానికి ఉరుము వినపడిందంటేనే పిడుగు మనదాకా రాగలదని లెక్క. ఆఖరి ఉరుము తర్వాత కూడా అరగంట ఆగి గానీ బయటికి రాకూడదు.

వానచినుకు
నడకదారి గారి మెసేజ్ చదివి ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు బయట కూర్చుని వచ్చాను.

అ అంటే అమ్మ. బు అంటే నేను, ఇంట్లో నన్ను బుజ్జి అంటారు.

చిన్నప్పట్నించీ నాన్న నడక స్లో అనుకునేదాన్నండి. పక్కవాళ్ళు రెండున్నర గంటల్లో ఎక్కే కొండకి మాకు నాలుగు గంటలు పట్టేది, ఆయన ముందే "పావు తక్కువ నాలుగు గంటలు పడుతుంది" అనేవారు, సరిగ్గా అంతే పట్టేది, ఈయనకి నడవడం చేతకాదు అని నాలో నేను నవ్వుకునేదాన్ని కూడా.

పేజీలు తిప్పి నా అక్షరం ఒక్కటే వెతికాను. 20, 20, 15, 10. తర్వాత కొన్నేళ్ళు బు లేదు, నేను వాళ్ళతో వెళ్ళడం మానేసిన రోజులవి, పదహారూ పదిహేడేళ్ళప్పుడు కొండలంటే నాకు బోర్. ఆ తర్వాత చాలా పేజీలకి ఒకచోట మళ్ళీ "+ 50 బు". తేదీ చూస్తే నాకు అయిదో నెల. ఆ రోజు గుర్తుంది, చిన్న గుట్టే, ప్రతి మలుపులో ఆగిపోతున్నారు, ఏంటి నాన్నా అంటే అదిగో ఆ పిట్ట చూడు, ఇదిగో ఈ పిట్ట చూడు అన్నారు. నేను విసుక్కున్నాను.

పిడుగులదీ గుర్తొచ్చింది. శిఖరానికి ఇంక అరగంట ఉందనగా వెనక్కి తిప్పారు, తమ్ముడూ నేనూ ఒకటే ఏడుపు. దిగుతున్నంతసేపూ మా చేత లెక్కపెట్టించారు, మెరుపు రాగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు" అని, అలా అంటే ఒక్కోటి సుమారు ఒక సెకను అవుతుందట. కింద బండి దగ్గరికి వచ్చేసరికి మా ఏడుపు పోయి, ఎవరి లెక్క కరెక్టు అనే దెబ్బలాటలో పడ్డాం.

సాయంత్రం6
ఇదే చదవండి ఆదివారం. ఇంక ఏమీ రాయక్కర్లేదు.

లెక్కలమాస్టారు
మూడోది వదిలేశాం. "4 వే" అంటే నాలుగు వేళ్ళు. చెయ్యి బారచాచి సూర్యుడికీ, నేలా ఆకాశం కలిసే గీతకీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో చూసి పొద్దు ఎంత ఉందో అంచనా వేస్తారు. వేలికి 15 నిమిషాలు, నాలుగు వేళ్ళకి గంట అని అందరూ చెప్పే లెక్క. కానీ ఆయన 35 అని రాశారు చూడండి, అక్కడే నాకు ముచ్చటేసింది. ఆకాశం గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, డిగ్రీకి 4 నిమిషాలు. బారచాచిన చేతికి వేలు సుమారు 2 డిగ్రీలు. అంటే సూర్యుడు నిట్టనిలువుగా దిగే చోట వేలికి 8 నిమిషాలే, నాలుగు వేళ్ళకి అరగంట కాస్త పైన. ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి టైం ఎక్కువ పడుతుంది, ఆ 15 అన్నది అటువైపు వాళ్ళకి కొంత నయం. మీ నాన్నగారు వినికిడి మాట నమ్మకుండా వాచీ పెట్టుకుని, తన చేతికి, తాను నిలబడ్డ చోట ఎంతో చూసుకున్నారు. అరగంట తప్పు లెక్కతో అడవిలో చీకటిపడ్డవాడిగా చెప్తున్నా, ఇది చిన్న సంగతి కాదు.

పాతకాగితం
పాత రాతప్రతులు చూసుకునే ఉద్యోగం నాది, అందుకని రెండు మాటలు. పెన్సిల్ రాత చాలా గట్టిది, వెలుతురుకి వెలిసిపోదు, తడిసినా కారదు, దాని శత్రువు రాపిడి ఒక్కటే. కాబట్టి మాటిమాటికీ తిప్పకుండా ఒకసారి పేజీ పేజీ ఫోటో తీసి పెట్టుకోండి, కిటికీ పక్కన పగటి వెలుతురులో తీస్తే చాలు. చిరిగిన చోట టేప్ అంటించొద్దు, ఆ జిగురు కొన్నేళ్ళకి పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలు వద్దు, వేశాక వెనక్కి తీయలేం. ఆయన ఫోన్లో వాయిస్ మెసేజ్‌లు ఉంటే అవి కూడా ఇవాళే వేరేచోట కాపీ చేసుకోండి, ఫోన్ మార్చినప్పుడే అవి పోతుంటాయి.

చివరిబెంచి
అక్కా నేనే. లింకు అమ్మకి పంపావు, అమ్మ నాకు పంపింది. దీనికోసమే ఇక్కడ అకౌంట్ చేసుకున్నా.

మాస్టారూ, నా అంటే "నాకోసం" కాదండీ, నాని. అంటే నేను. ఆ 15 నిమిషాలు నావి.

అక్క చెప్పింది అంతా నిజమే కానీ ఒకటి వదిలేసింది, లేదా దానికి గుర్తులేదు, అప్పుడది హాస్టల్లో ఉంది. ఆ మొండిఘటం అన్నాయన ఎవరో గానీ ఆయన మాట మీద రాస్తున్నా. నాన్న మంచోడే, ఆ రోజు మాత్రం కాదు. నాకు ఏడేళ్ళు, రాత్రికల్లా జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. నాన్న ఒక్కడే పొద్దున్న కొండకి పోయాడు, సాయంత్రానికి వచ్చేస్తా అని. రాలేదు. ఫోన్ కలవదు. ఎటు పోయాడో తెలీదు, వస్తాడో రాడో తెలీదు, అమ్మ నన్ను ఎత్తుకుని ఒక్కతే ఆస్పత్రికి పరిగెత్తింది, అటు నా మీద భయం ఇటు ఆయన మీద భయం. తెల్లారి వచ్చాడు. దారి తప్పలేదు ఏం లేదు, వెన్నెల బావుందని ఉండిపోయాడట. అమ్మ నెల రోజులు మాట్లాడలేదు. నాకైతే చాలా ఏళ్ళు కడుపులో ఉండిపోయింది అది.

ఆ తర్వాతే తలుపు వెనకాల చీటీ మొదలైంది. అక్కా నీకు చీటీ గుర్తుండే ఉంటుంది. ఎక్కడికి, ఏ దారిన ఎక్కి ఏ దారిన దిగుతాను, ఎన్నింటికి ఇంట్లో ఉంటాను, ఎన్ని దాటితే ఎవరికి ఫోన్ చేయాలి. ఇరవై ఏళ్ళపైన, పక్క గుట్టకి వెళ్ళినా సరే చీటీ పెట్టకుండా గడప దాటలేదు. చీటీలో రాసిన టైంకి ఒక్కసారి కూడా లేటు రాలేదు.

నోట్‌బుక్ మొదటి పేజీ తేదీ చూసి చెప్పు.

వానచినుకు
చూశాను నాని. నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి.

నడకదారి
...

రాత్రిపాళీ
నేను నర్సునండి, డ్యూటీ మధ్యలో చదువుతున్నా, ఇక్కడ అందరం ఒక ఫోన్ చుట్టూ చేరాం.

వానచినుకు
రాత్రి అమ్మకి చదివి వినిపించాను మొత్తం. ఏడుస్తుందనుకున్నా. "+ 40 అ" దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. "నలభయ్యా? నాకు ఇరవై చాలు. మిగతా ఇరవై ఆయనవే. ప్రతి చెట్టు దగ్గరా బైనాక్యులర్స్ తీసేది ఆయన, పద్దు రాసింది నా పేరున" అని నవ్వింది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే లోపలికి వెళ్ళిపోయింది.

అన్నట్టు నోట్‌బుక్‌లో పిట్ట పేరు ఒక్కటి కూడా లేదు. ఎన్ని పిట్టలు చూశారో, మాకు ఎన్ని చూపించారో. బహుశా అవి ఆయనకి రాసుకుని గుర్తుపెట్టుకోవాల్సినవి కావేమో.

సాయంత్రం6
మీ అమ్మగారికి నా నమస్కారాలు. ముందు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, తమ్ముడు చెప్పిన ఆ రాత్రి సంగతి కూడా చదవండి. అమ్మగారికి అభ్యంతరం లేకపోతేనే.

వానచినుకు
అమ్మ చదవమంది.

ఇంకో సంగతి, ఇది వేరే. నా కొడుక్కి ఆరేళ్ళు, వాడికి తాతే ఫ్రెండు. రాత్రిపూట మేడ మీద పడుకోబెట్టి చుక్కలు చూపించేవారు. ఫోన్ లైటు వేస్తే ఊరుకునేవారు కాదు, కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్ల లైటు తగిలితే మళ్ళీ మొదటికి వస్తుంది అని, టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఇచ్చారు వాడికి. సప్తర్షుల్లో తోకకి ఎదురు చివర ఉన్న రెండు చుక్కల మధ్య దూరాన్ని అయిదుసార్లు అదే దిక్కులో పొడిగిస్తే ధ్రువ నక్షత్రం దొరుకుతుంది, పిల్లలకోడి గుంపులో ఎన్ని కనపడుతున్నాయో లెక్కపెట్టు, ఇవన్నీ వాడికి ఇప్పటికే వచ్చు.

మొదటి రోజు ఎవరో వాడితో తాత చాలా దూరం వెళ్ళారమ్మా అన్నారు. నిన్న సడన్‌గా వాడు, "తాతకి ధ్రువ నక్షత్రం తెలుసుగా, మరి దారెలా తప్పాడు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

రాత్రిపాళీ
పిల్లల వార్డులో చాలా ఏళ్ళు పనిచేశాను, అందుకని గట్టిగానే చెప్తున్నా, ఏమనుకోకండి. దూరం వెళ్ళారు, నిద్రపోయారు, ఇవి చెప్పొద్దు. ఆ వయసు పిల్లలు మాటని మాటగానే తీసుకుంటారు. దూరం వెళ్తే తిరిగి రావాలి కదా అని గుమ్మం వైపు చూస్తారు, నిద్రపోయారంటే రాత్రి నిద్రకి భయపడతారు. "తాత చనిపోయాడు. తాత శరీరం పనిచేయడం ఆగిపోయింది, ఊపిరి లేదు, నొప్పి లేదు, తిరిగి రాడు. దారి తప్పలేదు." ఇంతే, చిన్న మాటల్లో. రేపు మళ్ళీ అడుగుతాడు, ఎల్లుండీ అడుగుతాడు, ప్రతిసారీ అదే జవాబు అవే మాటల్లో చెప్పండి. నువ్వేం చేసినందువల్లా ఇది జరగలేదు అని కూడా ఒకసారి చెప్పండి, చాలామంది పిల్లలు లోపల అలా అనుకుంటారు. మీకు ఏడుపొస్తే వాడి ముందు దాచుకోనక్కర్లేదు.

వానచినుకు
చెప్పాను. "అయితే తప్పలేదన్నమాట" అని, వెళ్ళి ఆ ఎర్ర కాగితం టార్చి దిండు కింద పెట్టుకున్నాడు.

వానచినుకు
ఇది రాయాలా వద్దా అని పొద్దుట్నించీ ఆలోచిస్తున్నా. చివరి ఇరవై పేజీల్లో కొత్త అక్షరం ఉంది. "నే". ఇంటి దగ్గర ఆయన రోజూ తిరిగే దారి, 4 కిలోమీటర్లు, 40 మీటర్ల ఎత్తు.

4 / 40 – 0.52 + 10 నే
4 / 40 – 0.52 + 20 నే
4 / 40 – 0.52 + 35 నే
4 / 40 – 0.52 + 60 నే

రెండేళ్ళ మీద. ఆఖరిది పోవడానికి పదకొండు రోజుల ముందు.

చివరిబెంచి
నే అంటే నేను. ఆయనే.

ఆయాసం వస్తోందని ఒక్కసారి కూడా అనలేదు నాతో. వారానికి రెండుసార్లు మాట్లాడేవాణ్ణి. ఏంటి నాన్నా లేటయింది అంటే పిట్టలురా అనేవాడు.

రాత్రిపాళీ
తమ్ముడూ, అది గుండెదా ఊపిరితిత్తులదా ఇంకేదైనానా అన్నది ఈ అంకెలు చూసి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. మీకు తెలియకుండా ఆయన దాచారు, అది మీ తప్పు కాదు. కానీ ఇది చదివే మిగతావాళ్ళకి చెప్తున్నా, నిరుడు సులువుగా ఎక్కిన అదే మెట్లకి ఈ ఏడు ఆయాసం వస్తుంటే, అదే దారికి పట్టే టైం నెలనెలా పెరుగుతుంటే అది వయసు అని సరిపెట్టుకోకండి. డాక్టరుకి చూపించండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు బాగున్నారా అని అడిగితే బాగున్నాం అనే అంటారు. ఈ మధ్య నడక ఎంతసేపు పడుతోంది అని అడగండి.

లెక్కలమాస్టారు
ఇప్పుడే నాన్నకి ఫోన్ చేశాను. ఏంట్రా ఈ టైంలో అని తిట్టారు.

నడకదారి
చివరిబెంచి, ఒక మాట. అందరికీ కలిపి ఇచ్చిన మనిషి తనకి కలుపుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. కలుపుకున్నాక కూడా వెళ్ళడం ఆపలేదు చూశావా. గంట ఎక్కువైనా సరే తిరిగి టైంకే ఇంటికొచ్చాడు, చీటీ తప్పలేదు.

చివరిబెంచి
అవునండీ. ఆఖరి చీటీ ఇంకా తలుపు వెనకాలే ఉంది. 7.30 అని రాసుంది. 7.20కి వచ్చాడని అమ్మ చెప్పింది.

మొండిఘటం
ఆదివారం ఎలా జరిగిందో రాయండి అక్కా.

వానచినుకు
ఆదివారం అయిపోయింది. ఆరు నిమిషాలు మాట్లాడాను. మంచివారు అనే మాట వాడలేదు. నోట్‌బుక్‌లో మూడు లైన్లు పెద్ద కాగితం మీద రాసి చూపించి, ఒక్కోటీ ఏంటో చెప్పాను. జ్వరం రాత్రి సంగతి నాని చెప్తానన్నాడు, సగంలో గొంతు పట్టేస్తే అమ్మ కూర్చున్నచోటి నుంచే పూర్తిచేసింది, "నెల కాదు, నలభై రోజులు మాట్లాడలేదు" అని సరిదిద్దింది కూడా. నాన్నతో కొండలెక్కిన ఒక పెద్దాయన లేచి, నా అక్షరం కూడా ఉందా అందులో అన్నారు. వెతికితే ఉంది, "+ 30 పె". పెద్దాయన అనే రాసుకున్నారు. ఆయన ఆ పేజీ ఫోటో తీసుకుని వెళ్ళారు.

నిన్న మా అబ్బాయిని తీసుకుని చిన్న గుట్టకి వెళ్ళాను. పెళ్ళయ్యాక నేనుగా కొండకి వెళ్ళడం ఇదే. నాన్న నోట్‌బుక్‌లో రాయబుద్ధి కాలేదు, వేరేది కొన్నాను. 3 / 60, అంటే 36 నిమిషాలూ 6 నిమిషాలూ, 42. వాడికోసం ఒక అరగంట కలిపి తలుపు వెనకాల చీటీ పెట్టాను. రెండు గంటలు పట్టింది. ఒకచోట చీమల బారు చూస్తూ ఇరవై నిమిషాలు కూర్చున్నాడు, కదలడు. మా ఆయన అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.

లెక్కలమాస్టారు
మొదటి నడక లెక్కలోకి తీసుకోకండి. ఇంకో నాలుగు అయ్యాక సగటు తీస్తే సరిపోతుంది.

చివరిబెంచి
వచ్చే నెల నేనూ వస్తున్నా. నాకేం కలపకు అక్కా.

వానచినుకు
15 కలిపాను.